వెర్లిన్ టోపీ, ఓపల్ జడ

మా చెల్లెలు ఓపల్ మొగుడు వెర్లిన్ హాకెట్‌కి కౌబాయ్ టోపీ గురించి తెలియని సంగతి లేదు, ఒక్కటి తప్ప. ఆ టోపీ ఆయనకి జీవితంలో ఒక్కసారి కూడా సరిగ్గా పనికిరాలేదు. ఈ మాట నేను ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను. "వదినా, నీకు పశువుల పని తెలీదులే" అని కొట్టిపారేసేవాడు. నేను పుట్టింది పశువుల కొట్టానికి ఆనుకున్న గదిలో. అయినా నెత్తిన టోపీ లేదు కాబట్టి నాకు తెలియదన్నమాట.

ఆయన ఉపన్యాసం మాకందరికీ కంఠతా వచ్చు. చర్చి ముంగిట్లో, సంతలో, పొద్దున్నే కాఫీ దగ్గర, ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టేవాడు.

"ఎండొస్తే గొడుగు. వానొస్తే చూరు. గుర్రానికి దాణా పెట్టడానికి గిన్నె. దాహమేస్తే చెంబు. నిప్పు రాజెయ్యాలంటే విసనకర్ర. పొడవడానికొచ్చే ఎద్దు మొహాన కొట్టడానికి చేతికర్ర. ఒక్క వస్తువు, ఇన్ని పనులు! మనిషికి ఇంకేం కావాలి చెప్పండి?"

జరిగింది వేరు. గుర్రానికి అందులో దాణా పెడితే దాణాతో పాటు అంచు కూడా కాస్త కొరుక్కు తినేసింది. వాగులో నీళ్లు ముంచితే ఆరేసరికి అప్పడంలా ముడుచుకుపోయింది. వానలో తడిసొచ్చి బల్ల ముందు కూర్చుని ముందుకి వంగితే, అంచులో నిలిచిన నీళ్లన్నీ చిక్కుడుగింజల కూరలో పడేవి. పికప్ నడిపేటప్పుడు వెనకంచు అద్దానికి కొట్టుకుంటుందని ఏళ్ల తరబడి మెడ ముందుకి చాచి నడిపాడు. ఆ మెడనొప్పికి రోజూ సాయంత్రం ఓపల్ మందు రాయాలి. చలికాలంలో చెవులు కప్పదు కాబట్టి ఒక మంచుతుఫానులో రెండు చెవుల కొసలూ గడ్డకట్టి ఊడిపోయాయి. చుట్టుపక్కల మగాళ్లంతా దాణా కొట్టువాడు ఊరికే ఇచ్చే, కంపెనీ పేరు రాసిన, చెవులు కప్పే టోపీలకి మారిపోయారు. ఈయన మారలేదు.

"మొక్కజొన్న విత్తనాల కంపెనీ పేరు నెత్తిన మోసుకు తిరిగేవాడూ ఒక మగాడేనా?" అనేవాడు, లేని చెవికొసలు తడుముకుంటూ.

అన్నిటికంటే పెద్ద చిక్కు గాలి. మా నెబ్రాస్కా ఇసుక కొండల్లో గాలికి అడ్డుపడే చెట్టంటూ ఉండదు. ఉత్తరాన ఎక్కడో బయల్దేరిన గాలి ఏకంగా వెర్లిన్ టోపీ దగ్గరే ఆగుతుంది. అందుకని ఆయన పెళ్లయిన దగ్గర్నుంచీ పనంతా ఒంటిచేత్తోనే చేశాడు. రెండో చెయ్యి టోపీ మీద ఉండేది. ఆ రెండో చెయ్యి చెయ్యాల్సిన పని ఓపల్ చేసేది. కంచె బిగించినా, దూడని పట్టినా, గడ్డికట్ట ఎత్తినా అంతే. దానికి తాడు కట్టుకోవయ్యా అంటే, తాడు చిన్నపిల్లలకీ సర్కస్ వాళ్లకీ అనేవాడు.

ఇక ఆ టోపీకి ఉన్న మడి చెప్పక్కర్లేదు. దాన్ని మంచం మీద పెట్టకూడదు, ఇంట్లోకి చావొస్తుంది. పెడితే బోర్లా పెట్టకూడదు, అదృష్టం ఒలికిపోతుంది. ఇంకొకడు ముట్టుకోనే కూడదు. నెత్తిమీద ఉండే సొట్ట కూడా ఎవరిది వాళ్లదే. మా వైపు మైలు దూరాన కొండ మీద మనిషి కనిపిస్తే మొహం ఎవరు చూస్తారు? టోపీ సొట్ట చూసి, అది వంగిన పక్క చూసి, అడుగో ఫలానా అనుకుని చెయ్యూపుతారు.

ఆ డిసెంబర్లో ఒకరోజు వెర్లిన్ గేటు తీస్తుంటే గాలి టోపీ ఎగరగొట్టింది. ఈయన గేటు వదిలేసి దాని వెంట పడ్డాడు. గడ్డకట్టిన కుంట మీదుగా పరిగెత్తాడు. అరవై దాటిన మనిషి మంచు మీద పరిగెడితే ఏమవుతుందో అదే అయింది. తొడ ఎముక విరిగింది. ఓపల్ ఆయన్ని గడ్డి బండి మీద పడేసుకుని ఇంటికి తెచ్చేసరికి టోపీ మాత్రం రెండు చేతులతో గుండెకి హత్తుకుని ఉన్నాడు. దూరపు టౌన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్తే నడుము దాకా పిండికట్టు వేసి, ఏప్రిల్ దాకా మంచం దిగొద్దని పంపించారు. ఒంటరిదాన్ని కాబట్టి నేను సంచీ సర్దుకుని వాళ్లింటికి వచ్చేశాను.

కాలు అతుక్కుంటుందిలే అని మాకు ధైర్యమే. దిగులంతా గడ్డిభూమి గురించి. వెర్లిన్ వాళ్ల సొంత నేల ఇంటి చుట్టూ ఉన్న కాస్తే. ఆవులన్నీ బతికేది థర్మన్ గాన్స్కే గారి పచ్చికభూమి మీద. దానికి కాగితం లేదు. ప్రతి ఏప్రిల్లో ఆయన వచ్చి చెయ్యి కలిపితే ఆ ఏడాదికి కౌలు ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. ఆయన దాణా కొట్టులో అందరి ముందూ అన్నమాట మాకు తెలుసు: "నా గడ్డి పనిచేసే మగాడికి. మంచమెక్కినవాడికి ఇవ్వడానికి నేనేం సత్రం పెట్టానా?" పైగా స్ప్రేగ్‌ల కుర్రాడు ఆ భూమి కోసం ఆయన చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. కౌలు పోతే ఆవుల్ని అమ్మెయ్యాలి. అమ్మేస్తే టౌన్‌కి పోయి ఏదో బట్టల కొట్టు పైన రెండు గదుల్లో ఉండాలి.

"టౌన్‌లో కుండీలో టమాటా మొక్కకి నీళ్లు పోసుకుంటూ చావమంటావా వదినా?" అని వెర్లిన్ నా ముందే ఏడ్చేశాడు. ఆయన ఏడవగా నేను చూడడం అదే మొదలు. టోపీ లేకపోతే ఆయన నుదురు పసిపిల్లాడి నుదురంత తెల్లగా ఉంటుంది. ఎన్ని తిట్టుకున్నా నాకు జాలేసింది.

మర్నాడు పొద్దున్నే ఓపల్ తన జడని నడినెత్తిన చుట్టగా చుట్టి పిన్నులు గుచ్చింది. వెర్లిన్ కోటు వేసుకుంది. కొక్కేనికున్న టోపీ తీసింది.

"ఏయ్! ముట్టుకోకు దాన్ని!" అని మంచం మీంచి అరిచాడు వెర్లిన్.

"ముట్టుకోడమేంటి, పెట్టేసుకున్నా కూడాను."

"ఆడదానివి, మగాడి టోపీ పెట్టుకుని..."

"మరి ఆవులకి మేతెవరేస్తారు? నీ పిండికట్టు వేస్తుందా? మధ్యాహ్నం గాన్స్కే గారు రోడ్డు మీద కారేసుకుని నెమ్మదిగా పోతాడు చూడు, అప్పుడు మైదానంలో నువ్వు కనపడాలా వద్దా?"

వెర్లిన్ మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు. కాసేపటికి మళ్లీ ఇటు తిరిగి ఒంటికన్నుతో చూశాడు.

"అలా కాదు. ఎడం పక్కకి వంచు."

"ఇలాగా?"

"ఇంకొంచెం. కనుబొమ్మ మీదకి దించు. అబ్బా, మరీ అంత అమాయకంగా ఉంటానా నేను? గడ్డం పైకెత్తు. ఆఁ. ఇప్పుడు ఎవడి మాటా విననట్టు నిలబడు."

"అది నాకు చేతకాదయ్యా" అంది ఓపల్.

టోపీ దాని తలకి వదులు కావలసింది. నెత్తిన జడచుట్ట ఉంది కాబట్టి అచ్చు కొలతిచ్చి చేయించినట్టు కూర్చుంది. గడప దాటేముందు అది ఉన్ని గుడ్డ ఒకటి తీసి చెవుల మీదుగా టోపీతో సహా గడ్డం కింద ముడేసుకుంది. వెర్లిన్ గొల్లుమన్నాడు. తన పరువు ఆ ముడితో పోయిందన్నాడు. అప్పటికే అది పికప్ ఎక్కేసింది.

మధ్యాహ్నం తిరిగొచ్చి స్టవ్ దగ్గర చేతులు కాచుకుంటూ చెప్పింది. "గాన్స్కే గారు వెళ్లాడు. చెయ్యూపాడు. నేనూ ఊపాను."

"ఊపావా? చెయ్యి ఊపావా? నేనెప్పుడైనా ఎవరికైనా చెయ్యూపానా? గడ్డం ఇంత దించుతానంతే! ఊరంతా నాకు మతి చలించిందనుకుంటారు!"

"పోనీలే, ఇన్నాళ్లకి మర్యాద వచ్చిందనుకుంటారు" అన్నాను నేను.

ఓపల్ నన్ను వంటగదిలోకి లాక్కుపోయి గొంతు తగ్గించింది. "చెప్పడానికి సిగ్గుగా ఉంది అక్కా. ఈ దరిద్రపు టోపీ పనికొస్తోంది. మంచు మీద ఎండ కళ్లలో కొట్టట్లేదు. మంచు మెడలోకి జారట్లేదు. ఆయన చెప్పినవన్నీ నిజమే."

"చెప్పానా!" అని వెర్లిన్ పక్కగదిలోంచి కేకేశాడు. చెవికొసలు లేకపోయినా ఇలాంటివి బాగా వినపడతాయి.

ఆ చలికాలమంతా అలాగే గడిచింది. రోజూ అది టోపీ పెట్టుకుని పోయి, కుంటలో మంచు పగలగొట్టి, గడ్డికట్టలు విప్పి, ఈనే ఆవుల్ని కొట్టంలోకి తోలి వచ్చేది. టోపీ ముడేసి ఉంది కాబట్టి దానికి రెండు చేతులూ ఖాళీ. ఒక్కసారిగా హాకెట్ వాళ్ల పనితనం పెరిగిపోయింది. దాణా కొట్టువాడు ఫోన్ చేసి, "వెర్లిన్, ఈ ఏడు నీ ఆవులు నిగనిగలాడుతున్నాయయ్యా. గేట్లు కూడా మూస్తున్నావట?" అన్నాడు.

"అనుభవమయ్యా, అనుభవం" అన్నాడు మా మరిది, మంచం మీంచే.

మొదట్లో "ఓపల్ ఇలా చేసింది" అనేవాడు. జనవరి దాటేసరికి "మేం ఇలా చేశాం" అన్నాడు. ఫిబ్రవరిలో ఒకరోజు నేను గంజి తాగిస్తుంటే, ఆ పొద్దున కుంటలో మంచు ఎంత మందంగా ఉందో, తను గొడ్డలితో ఎన్ని దెబ్బలు వెయ్యాల్సొచ్చిందో నాకే వివరంగా చెప్పాడు. నేను ఆయన దుప్పటి మీద పడ్డ గంజి తుడిచాను.

మార్చిలో గాన్స్కే గారి భార్య హల్డా పోయింది.

మా దగ్గర చావుకి రాకపోతే తప్పు. ఒప్పుకునే సాకు ఒక్కటే, ఈనడానికి కష్టపడుతున్న ఆవు. అందుకని నేను చర్చికి వెళ్లి, వెర్లిన్, ఓపల్ ఇద్దరూ ఆవు దగ్గరున్నారని చెప్పాను. అది సగం నిజం. ఓపల్ వెళ్లలేకపోయినందుకు పొద్దుటి నుంచీ కుమిలిపోతూనే ఉంది. దాని ఒక్కగానొక్క బిడ్డ పుట్టిన వారానికే పోయినప్పుడు, హల్డా నూడుల్స్ చారు గిన్నె పట్టుకొచ్చి, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా రోజుల తరబడి మంచం పక్కన కూర్చుంది. అలాంటి మనిషిని సాగనంపడానికి వెళ్లకుండా ఆవుల మధ్య మొగుడి వేషంలో ఉండాల్సి వచ్చింది దానికి.

శ్మశానం ఉన్న కొండకి దారి గాన్స్కే గారి పచ్చికభూమి పక్క నుంచే. నేను చర్చి పాటల గుంపులో ఉండే మార్వెల్లా కారులో కూర్చున్నాను. ముందు శవపేటిక బండి, దాని వెనక గాన్స్కే గారి కారు, ఆ వెనక మేము, మా వెనక ఊరంతా. మలుపు తిరిగేసరికి రోడ్డు పక్కనే, కంచెకి అవతల, గడ్డి పరుస్తూ ఓపల్ కనిపించింది.

శవం వెళ్తుంటే మా మగాళ్లు ఏ పనిలో ఉన్నా ఆపి, బండి దిగి, టోపీ తీసి గుండెల మీద పెట్టుకుని నిలబడాలి. ఇది చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆడవాళ్లకి ఆ నియమం లేదు. కానీ అక్కడున్నది ఆడది అని ఎవరికీ తెలియకూడదు కదా. టోపీ తియ్యకపోతే, హల్డా శవానికి వెర్లిన్ హాకెట్ టోపీ తియ్యలేదని గాన్స్కే గారు కళ్లారా చూస్తాడు. ఇక కౌలు మాట మర్చిపోవడమే. తీస్తే మూడు నెలల వేషం ఊరందరి ముందూ బయటపడిపోతుంది. అప్పుడూ కౌలు మాట మర్చిపోవడమే. ఆవుల వెనక దాక్కో, పికప్ వెనక్కి పో అని నేను లోపల్లోపల అరుస్తున్నాను.

ఓపల్ దాక్కోలేదు. చేతిలో గడ్డి వదిలేసింది. కంచె దగ్గరికి నడిచొచ్చింది. గడ్డం కింద ముడి విప్పి, టోపీ తీసి, రెండు చేతులతో గుండెల మీద పెట్టుకుంది. గాలికి పిన్నులు ఎగిరిపోయి తెల్లజడ జారి నడుము దాకా పడింది. అలాగే తల వంచుకుని నిలబడింది.

గాన్స్కే గారి కారు దాని ముందు నుంచి నెమ్మదిగా వెళ్లింది. ఆయన తల ఇటు తిరిగిందో లేదో నాకు కనపడలేదు. మా కారు వెళ్లింది. మార్వెల్లా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, "వెర్లిన్ ఎంత మర్యాదగా నిలబడ్డాడో చూశావా లొరీన్" అంది.

"చూశాను" అన్నాను నేను.

సమాధి చేశాక చర్చి కింది గదిలో భోజనాలు. పంది మాంసం, ఆలుగడ్డలు, రంగురంగుల జెల్లీలు. ఒక్కొక్కరే నా దగ్గరికొచ్చారు. ఈ ఏడు వెర్లిన్ దూడలు బాగున్నాయన్నారు. వెర్లిన్ చెవులకి గుడ్డ కట్టుకోవడం తెలివైన పని అన్నారు. ఒకావిడ మా వెర్లిన్‌కి ఒంట్లో ఎలా ఉందని అడగబోయి, సగంలో ఆపి, ఆవుకి ఎలా ఉందని అడిగింది. అప్పుడు నాకర్థమైంది. వీళ్లందరికీ మొదటి వారం నుంచే తెలుసు. వెర్లిన్ జన్మలో చెయ్యూపడు, గేటు మూయడు. ఊరంతా ముసిముసి నవ్వులు మింగేసి కూర్చుంది. టోపీ కిందికి తొంగిచూడడం మర్యాద కాదు కదా. తెలియనివాడు ఎవరైనా ఉంటే అది గాన్స్కే గారొక్కరే కావచ్చు. ఆయన మూలనున్న బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని ఉంటే కాఫీ ఇచ్చాను. సగం సాసర్లోనే పోశాను.

"కొండ కింద గాలి జాస్తిగా ఉందమ్మా" అన్నాడు ఆయన.

"అవునండీ" అన్నాను.

ఆయన సాసర్లోది కూడా తాగేసి కప్పు పక్కన పెట్టాడు.

ఇంటికెళ్తే ఓపల్ కొట్టం మెట్ల మీద కూర్చుని ఉంది. "అక్కా, అంతా పోగొట్టేశాను. కానీ హల్డా ముందు నెత్తిన టోపీతో ఎలా నిలబడను? వెర్లిన్‌కి చెప్పొద్దే. ఆయన తట్టుకోలేడు" అంది. చెప్పలేదు. వెర్లిన్ మాత్రం, శవయాత్ర అటుగా వెళ్లిందా, నా టోపీ తీశావా అని అడగనే లేదు. తను చేయవలసింది తను చేసే ఉంటాడని ఆయన నమ్మకం.

ఏప్రిల్ వచ్చింది. పిండికట్టు తీశారు. వెర్లిన్ చేతికర్రతో నాలుగడుగులు వేస్తున్నాడు. స్ప్రేగ్ కుర్రాడు గాన్స్కే గారి ఇంటికి రెండుసార్లు వెళ్లొచ్చాడని తెలిసింది. ఓపల్ ఆవులు కొనేవాళ్ల నంబరు కనుక్కుని అద్దం వెనక పెట్టుకుంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం గాన్స్కే గారి కారు మా వాకిట్లో ఆగింది.

లోపలికొచ్చి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ఓపల్ కాఫీ, ఎండు ఆపిల్ కూరి కాల్చిన రొట్టె ముక్క పెట్టింది. ఆయన వానల గురించి మాట్లాడాడు. దూడల ధర గురించి మాట్లాడాడు. రొట్టె మొత్తం తిన్నాడు. అప్పుడు వెర్లిన్ వైపు తిరిగాడు.

"హల్డాని తీసుకెళ్లిన రోజు దారిలో చాలామంది మగాళ్లున్నారు వెర్లిన్. కొందరు బండి దిగలేదు. చలి కదా, హీటర్ వేసుకుని లోపలే కూర్చుని టోపీ తీశారు. స్ప్రేగ్ కుర్రాడూ అంతే. మీ మైదానంలో మాత్రం ఆఖరి కారు దాటేదాకా ఆ గాలిలో వట్టి తలతో నిలబడ్డారు. అద్దంలో చూస్తూనే ఉన్నాను."

నేను ఓపల్ వైపు చూడలేకపోయాను.

"అందులో గొప్పేముందండీ" అన్నాడు మా మరిది, ఛాతీ విరుచుకుని. "టోపీ పెట్టుకున్నాక ఎప్పుడు తియ్యాలో కూడా తెలియాలి. మా నాన్న నాకు అలాగే నేర్పాడు."

"బాగా నేర్పాడు" అన్నాడు గాన్స్కే గారు. లేచి చెయ్యి చాచాడు. "గడ్డి ఎప్పట్లాగే మీదే."

వెర్లిన్ చెయ్యి కలిపాడు. కౌలు నిలిచింది. గాన్స్కే గారు గుమ్మం దగ్గర టోపీ పెట్టుకున్నాడు. నా వైపు చూసి దాన్ని నిండుగా పైకెత్తి, "వస్తానమ్మా లొరీన్" అన్నాడు. తర్వాత ఓపల్ వైపు తిరిగాడు. కాసేపు దాన్నే చూశాడు. టోపీ ఎత్తలేదు. చూపుడువేలు అంచుకి తాకించి, తల కొంచెం ఊపి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కారు చప్పుడు వినపడేదాకా ఆగి వెర్లిన్ మండిపడ్డాడు. "చూశారా? చూశారా ఆ మనిషిని? వదినకి ఎత్తాడు, ఇంటి ఇల్లాలికి ఎత్తలేదు! వేలు తగిలించి పోయాడు! అది తోటి మగాడికి చేసేది! మందలో పక్కన పనిచేసేవాడికి చేసేది! నా ఇంట్లో, నా రొట్టె తిని, నా పెళ్లానికి... ఓపల్, నువ్వేమన్నా ఆయన తోటి కౌబాయ్‌వా? ఆయనకి ఫోన్ చేసి క్షమాపణ అడిగిస్తాను. కౌలు పోతే పోనీ!"

ఓపల్ మాకు వీపు పెట్టి నిలబడి కప్పులు కడుగుతోంది. దాని భుజాలు వణుకుతున్నాయి. నా చెల్లెలు బిడ్డ పోయిన నాడు కూడా నా ముందు ఏడవలేదు. ఆ రోజు సబ్బునీళ్లలో చేతులు పెట్టి పసిపిల్లలా ఏడ్చింది. అందులో దుఃఖం లేదు. అది నాకు తెలుసు.

వెర్లిన్ కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లి ఫోన్ ఎత్తాడు. ఓపల్ మోచేత్తో కళ్లు తుడుచుకుంది. జడ నెత్తిన చుట్టింది. టోపీ పెట్టుకుని, గడ్డం కింద గుడ్డ ముడేసింది. "ఆవులు అరుస్తున్నాయి" అని బయటికి వెళ్లింది.

వెర్లిన్ ఫోన్ పట్టుకుని కిటికీలోంచి అది మైదానం వైపు పోవడం చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రం ఓపల్ గడప దాటి రాగానే, దాని నెత్తిన టోపీ అందుకుని కొక్కేనికి తగిలించింది ఆయనే.